కొలబద్ద మనిషి

మిషిను కక్కిన కాగితాన్ని చింపి చేతిలోకి తీసుకున్న పోశాలు, చివరనున్న అంకెను రెండుసార్లు చదువుకున్నాడు. మూడు వేల ఆరు వందల నలభై.

"ఏమంటున్నదిరా?" అడిగాడు మొండయ్య. మూడు నిమిషాలు గొట్టంలోకి ఊదేసరికి మనిషి డస్సిపోయాడు. ఛాతీ మీద అతికించిన రెండు బిళ్ళలు ఇంకా ఊడదీయలేదు. ఎముకలు లెక్కపెట్టుకోదగ్గ ఆ ఛాతీ మీద అవి పెద్ద అంగీకి పెట్టే గుండీల్లా ఉన్నాయి.

"మస్తు దినాలు చెప్పింది మొండన్నా."

"చెప్పదా మరి! మిల్లు తెరిసిన్నాడు కొబ్బరికాయ కొట్టింది నేను, మూసిన్నాడు గేటు గుంజింది నేను. నా పెండ్లాంతోటి గూడ అన్ని దినాలు ఉండలే."

సంఘం కొట్టంలో కూర్చున్న వాళ్ళంతా నవ్వారు. నవ్వు కాస్తా దగ్గులోకి దిగింది. బొల్లిగుట్టలో ఏ నవ్వయినా అంతే. మొదలుపెట్టిన వాళ్ళు చివరిదాకా నవ్వలేరు.

పోశాలు నవ్వలేదు. కరెంటాఫీసు చుట్టూ నెల తిరిగి తానే తెచ్చిన కాగితం అతని సంచిలో ఉంది. మిల్లు నడిచిన పదకొండేళ్ళలో మోటారు తిరిగిన రోజులు మొత్తం మూడు వేల మూడు వందల పది. అంటే, మిల్లు బతికిన రోజులకన్నా మొండయ్య అందులో పనిచేసిన రోజులే ఎక్కువని ఈ మిషిను చెబుతోంది. మిల్లు తరఫు వకీలు చేతిలో ఈ రెండు కాగితాలు పక్కపక్కన పడితే చాలు. మిషినూ పోతుంది, దానిలోకి ఊదిన నలభై తొమ్మిది మందీ పోతారు.

తప్పు ఎక్కడుందో ఆ కొట్టంలో ఒక్కడికే తెలుసు. ఆ ఒక్కడూ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, "ఇంకెవలన్న ఉన్నరా ఊదేటోళ్ళు?" అన్నాడు.

*

బొల్లిగుట్ట చుట్టూ దొరికే పలుగురాయిని పిండి చేసి గాజు ఫ్యాక్టరీలకు పంపిన మిల్లు అది. మూతపడి ఆరేళ్ళయింది. పిండి మాత్రం ఊళ్ళోనే ఉంది, మనుషుల ఊపిరితిత్తుల్లో. పట్నం డాక్టర్లు క్షయ అని రాసి మందులిచ్చారు. ఆ మందులు మింగినవాళ్ళు మింగినట్టే పోయారు. ఊరు దానికి పిండిరోగం అని పేరు పెట్టుకుంది.

మిల్లు కూలీల సంఘం పన్నెండేళ్ళు కొట్లాడితే సర్కారు ఒక జీవో ఇచ్చింది. మిల్లులో వెయ్యి రోజులు పనిచేసినట్టు రుజువైన ప్రతి రోగికీ పింఛను, ఇంటికాడ పెట్టుకునే ఆక్సిజన్ యంత్రం. వినడానికి ఎంత బాగుందో! రుజువు ఎక్కడినుంచి తేవాలి? మిల్లు మూసేటప్పుడు హాజరు కార్డులన్నీ గుంజుకుని యజమాని కాల్చేశాడు. మొత్తం ముప్పై మందే పనిచేశారని ప్రమాణపత్రం రాసిచ్చాడు.

అప్పుడొచ్చింది యూనివర్సిటీ నుంచి హైమవతి మేడం, వ్యానులో ఈ మిషిను పెట్టుకుని. దానికి ఆమె పెట్టిన పేరు శ్వాసరేఖ. ఊరు పెట్టిన పేరు ఊదుడు మిషిను. ఛాతీ మీద అతికించిన బిళ్ళలు చెవికి అందని మోతను లోపలికి పంపుతాయి. లోపల పేరుకున్న రాతిపిండి పొరపొరకూ ఒక్కో తీరుగా జవాబిస్తుంది. ఆ జవాబును మిషిను పొడుగాటి కాగితం మీద గీతలుగా దించుతుంది. చెట్టు మొద్దును అడ్డంగా కోస్తే వలయాలు కనిపించవా, అట్లా. ఎన్ని గీతలు ఉంటే అన్ని దినాల దుమ్ము. కార్డు కాల్చొచ్చు కానీ ఊపిరితిత్తిని ఎవడు కాలుస్తాడు?

మొదటి మీటింగు కొట్లాటతోనే అయింది.

"ఇంతకుముందు గూడ వచ్చిన్రు మీ అసొంటోళ్ళు," అన్నాడు సంఘం అధ్యక్షుడు మొండయ్య. "మా నీళ్ళు సీసాల పట్టుకపోయిన్రు, మా నెత్తురు తీసుకపోయిన్రు. మా దగ్గు మీద మీకు డాక్టరు పట్టాలు. మాకేమో దగ్గే."

"ధర్నాలతో రుజువు దొరకదండీ. డేటా కావాలి," అంది మేడం.

"డేటా అంటే?"

పోశాలు మధ్యలో దూరాడు. "మన దినాల లెక్క, మొండన్నా. ఆ లెక్క మనకాడ ఉంటే వకీలు నోరు మూస్తడంటున్నది మేడం."

ఆనాటి నుంచి అదే అతని ఉద్యోగం. మేడం 'సబ్జెక్టుల సమ్మతి' అంటే, "ఇష్టముంటెనే ఊదుండ్రి, బలవంతం లేదు" అని ఊరికి చెప్పాలి. ఊరు 'దొంగ నా కొడుకులు' అంటే, "కొంచెం అనుమానపడుతున్నారు మేడం" అని అటు చెప్పాలి. ఏడో తరగతిలో బడి మానేసినవాడికి ఫొటో అతికించిన గుర్తింపు కార్డు ఒకటి మెడలో వేశారు. దాన్ని చూపించినా సరే, యూనివర్సిటీలో సెక్యూరిటీవాడు లిఫ్టు పక్కనున్న స్టూలు చూపించి "ఆడ కూసో" అనేవాడు. ఊళ్ళోకి వస్తే, అదే కార్డు చూసి "యూనివర్సిటీ సారొచ్చిండు, జరగండ్రి" అని చాప మీద జాగా ఎక్కువే ఇచ్చేవాళ్ళు. ఎక్కువ జాగా ఇవ్వడమంటే ఏమిటో ఇచ్చినవాళ్ళకూ తెలుసు, తీసుకున్నవాడికీ తెలుసు.

ఇక తప్పు సంగతి.

మిషినుకు మొదట ఒక కొలబద్ద కావాల్సి వచ్చింది. ఇన్ని గీతలు అంటే ఇన్ని రోజులు అని చెప్పాలంటే, రోజులు కచ్చితంగా తెలిసిన ఊపిరి ఒకటి ఉండాలి. ఊరంతటికీ హాజరు కార్డు దాచుకున్నవాడు పోశాలు ఒక్కడే. పదేళ్ళ కార్డు, దినానికొకటి చొప్పున రెండు వేల తొమ్మిది వందల తూట్లు. మేడం ఆ కార్డును చేత్తో పట్టుకుని రెండు రోజులు కూర్చుని తూట్లు లెక్కపెట్టింది. తర్వాత పోశాలు చేత ఊదించింది.

"మీ గీతల్లో నాలుగో ఏడు దగ్గర వేలెడు మేర ఖాళీ ఉందండీ పోశాలు గారూ," అంది. "ఆ రోజుల్లో పనికి వెళ్ళలేదా?"

"కార్డు మీద తూట్లున్నయి గద మేడం," అన్నాడు పోశాలు.

ఆమె కార్డు చూసింది, తెర చూసింది, మళ్ళీ కార్డు చూసింది. "నిజమే. మిషిను కొత్తది, మొదట్లో ఇలాంటివి వస్తుంటాయి," అని తెర మీద రెండు వేళ్ళతో అటూ ఇటూ ఉన్న గీతల్ని సాగదీసి ఖాళీని మూసేసింది. కాగితాన్ని నమ్మలేమనే కదా తల్లీ ఇంత మిషిను చేశావు! ఊపిరీ కాగితమూ పోట్లాడుకున్న మొదటిసారే కాగితం పక్కన నిలబడింది. అంత చదువు చదివినవాళ్ళకు అట్లాగే అలవాటవుతుందేమో.

పోశాలుకు ఆనాడు బతికిపోయాననిపించింది. సాగిన గీతలతో ఊరందరినీ కొలిస్తే ఊరందరి రోజులూ సాగుతాయని అతనికి తట్టలేదు.

ఆ ఖాళీ ఓదెలుది.

మిల్లులో 'బదులు పోవుడు' అనే రివాజు ఉండేది. జ్వరమొస్తే, చుట్టాలింట్లో పెళ్ళి ఉంటే, తన కార్డు ఇంకొకడికి ఇచ్చి పంపేవాళ్ళు. గేటుకాడ చూసేది నంబరునే గానీ ముఖాన్ని కాదు. లోపలికి పోయాక అందరి ముఖాలకూ తువ్వాలే, అందరి మీదా ఒకే తెలుపు. దాన్ని ఎవరూ దొంగతనమనుకోలేదు. ఒకటి రెండు దినాలు, మహా అయితే వారం. మేడం వచ్చి "ఈ కార్డు మీదేనా?" అని అడిగితే, ఊళ్ళో ఎవడైనా గుండె మీద చెయ్యేసుకుని మాదే అని చెప్పేవాడు.

కానీ పోశాలుది వారం కాదు. నాలుగో ఏట పిండిరోగంతో పోయిన మొదటి మనిషిని కాల్చినప్పుడు కట్టెలన్నీ బూడిదయ్యాక కూడా ఛాతీ కాడ ఒక ముద్ద కాలకుండా మిగిలింది. బూడిదలో తెల్లగా, రాయిలా. అందరూ తలలు తిప్పుకున్నారు. పోశాలు తిప్పుకోలేదు. మర్నాడు మిల్లు గేటుదాకా పోయి వెనక్కి వచ్చాడు. మూడో రోజు తన కార్డు ఓదెలు చేతిలో పెట్టాడు. ఓదెలు ఒంటరివాడు. తల్లి పోయింది, పెళ్ళి కాలేదు, నలుగురి పశువులు కాసుకుని బతికేవాడు. మిల్లు పని అనగానే సంబరపడ్డాడు.

పద్నాలుగు నెలలు. అన్ని దినాలూ పోశాలు సంఘం పని మీద పట్నం తిరుగుతున్నానని నలుగురికీ చెప్పుకున్నాడు. అర్జీలు రాయించిన మాట అబద్ధం కాదు. కానీ పొద్దున బస్టాండు బల్ల మీద కూర్చున్నప్పుడు గుండెలో ఉన్నది సంఘం కాదు, ఆ తెల్లని ముద్ద. పద్నాలుగు నెలల తర్వాత ఓదెలు దగ్గడం మొదలుపెట్టాడు. పోశాలు తన కార్డు తాను తీసుకుని పనికి పోయాడు. రెండేళ్ళకు ఓదెలు పోయాడు. పాడె మోసినవాళ్ళలో పోశాలే ముందున్నాడు. ఓదెలు పేరు మీద ఏ మిల్లులోనూ ఏ తూటూ లేదు.

*

సాయంత్రం ఇంటికి పోయేసరికి భార్య సత్తవ్వ గోడకానించిన బొంతల మూటకు ఒరిగి కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. ఆమె పడుకుని ఏడాది దాటింది. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు. కూర్చునే నిద్రపోతుంది, కూర్చునే కలలు కంటుంది కాబోలు.

మిల్లు ఆఖరి మూడున్నరేళ్ళూ సత్తవ్వ సంచులు కుట్టే షెడ్డులో పనిచేసింది. మిషిను ఆమెకు వెయ్యిన్నీ డెబ్బై రెండు రోజులు చెప్పింది. ఆ కాగితాన్ని ఆమె దేవుడి పటం వెనక పెట్టింది.

"మొండన్నకు ఎన్ని దినాలు వచ్చినయి?"

"మస్తు వచ్చినయి."

"ఆక్సిజన్ మిషిను ఎప్పుడిస్తరట?"

"విచారణ అయినంక."

"అది పెట్టుకుంటే పండుకోవచ్చునా?"

"డాక్టరు అట్లనే అన్నడు గదా."

"ఒక్క రాత్రి సాపుగ పండుకుంట," అంది సత్తవ్వ. కాయ వలవడం ఆపి, దాన్ని గురించి ఆలోచిస్తున్నట్టు కాసేపు కప్పును చూసింది. "తెల్లారి సచ్చిపోయిన మంచిదే."

"ఏం మాటలే అవి!"

"ఏ, ఉత్తగనే అన్న."

పోశాలు పెరట్లోకి పోయి, బీడీకట్ట కాగితం వెనక పెన్నుతో లెక్క వేశాడు. రెండు వేల తొమ్మిది వందల్లో ఓదెలు దినాలు మూడు వందల నలభై తీసేశాడు. మిగిలినదాని పాళ్ళలో మొండయ్య అంకెను దించాడు. మూడు వేల రెండు వందల పదమూడు. మిల్లు బతికిన రోజుల్లో సరిగ్గా ఇమిడింది. ముసలాయన పదకొండేళ్ళలో వంద దినాలకు మించి నాగా పెట్టలేదు. తర్వాత సత్తవ్వది దించాడు. తొమ్మిది వందల నలభై ఆరు.

మళ్ళీ వేశాడు. ఏడో తరగతి లెక్క తప్పు కావాలని మొదటిసారి దేవుణ్ణి కోరుకున్నాడు. తొమ్మిది వందల నలభై ఆరే వచ్చింది. వెయ్యికి యాభై నాలుగు దినాలు తక్కువ.

*

మర్నాడు పొద్దున బస్సెక్కాడు. చెప్పేద్దామనే బయలుదేరాడో, మేడమే ఏదైనా దారి చూపిస్తుందని బయలుదేరాడో అతనికే తెలియదు. లిఫ్టు పక్క స్టూలు మీద గంటన్నర కూర్చున్నాక అయిదో అంతస్తుకు రానిచ్చారు.

మేడం అప్పటికే మొండయ్య అంకె చూసింది, కరెంటాఫీసు కాగితం నకలుతో పోల్చుకుంది కూడా. వ్యానులో పడ్డ అంకె ఇక్కడ తెర మీద కూడా పడుతుంది.

"మీరొచ్చింది దీని గురించేనని నాకు తెలుసు," అంది. కళ్ళ కింద నీడలు కట్టాయి. "విచారణ పదిహేను రోజుల్లో ఉంది. అందరివీ సరిగ్గా ఉన్నాయి, ఈయనొక్కరిదే అసాధ్యంగా వచ్చింది. ఊదేటప్పుడు ఏదో చేసి ఉంటారు. దగ్గు ఆపుకున్నారో, బిళ్ళ కదిలిందో."

"బిళ్ళ నేనే పెట్టిన మేడం. కదల్లే."

"సరే, కారణం ఏదైనా ఒక్క రీడింగు మిగతా నలభై ఎనిమిదినీ ముంచకూడదు కదా. ఇలాంటివాటిని పక్కన పెట్టడానికి మా పద్ధతిలో దారుంది. మొండయ్య గారిని జాబితాలోంచి తీసేద్దాం."

పోశాలు గుండె ఒక్కసారి తేలికపడింది. తేలికపడినందుకు వెంటనే సిగ్గేసింది. మొండయ్య ఒక్కడు పోతే సత్తవ్వ ఉంటుంది. సత్తవ్వలాంటి వాళ్ళు ఇంకెందరున్నారో, వాళ్ళంతా ఉంటారు. తన నోరు తెరవాల్సిన పనే లేదు.

"ఆయనకు ఎవరు చెప్తరు మేడం?"

"మీరే చెప్పాలి. మా మాట ఆయన వినరు," అని, గొంతు తగ్గించింది. "మా పేపరు అచ్చయి మూడు నెలలైంది పోశాలు గారూ. ఇప్పుడు మిషినే తప్పంటే ఈ గది తాళం తీసుకుంటారు. పదేళ్ళు పెట్టాను దీని మీద. ఇంట్లో కూడా నాకు వేరే ఏమీ లేదు."

ఆమె తన ఇంటి మాట ఎత్తడం అదే మొదటిసారి. "సరే మేడం," అని లేచాడు.

*

మొండయ్య చెప్పినదంతా విన్నాడు. అరుస్తాడనుకున్నాడు పోశాలు. అరవలేదు.

"నేనేం చెప్పలే గదరా," అన్నాడు. "ఊదమంటే ఊదిన. నోటితోటి ఒక్క దినం ఎక్కువ చెప్పలే."

"నాకెరుకనే మొండన్నా."

"అంటే నేను అన్ని దినాలు పోలేదా? నాకే యాది తప్పిందా?" పోశాలు ముఖంలోకి నిజంగానే జవాబు కోసం చూశాడు. "పోశాలూ, నువ్వు చెప్పురా. నేను దినాం వస్తుంటి గదా?"

పన్నెండేళ్ళు కలెక్టర్ల ముందు బల్ల గుద్ది మాట్లాడినవాడు. ఒక యంత్రం అబద్ధమంటే తన బతుకు తనకే అబద్ధమేమోనని అనుమానపడుతున్నాడు. పోశాలు ఏదో గొణిగి బయటపడ్డాడు.

రెండు రోజుల్లో ఊరంతా ఎగిసిపడింది. మొండయ్య లేని జాబితా మాకొద్దు, ఎవ్వరూ ఊదేది లేదు, ఊదిన కాగితాలు కూడా వాపస్ ఇయ్యాలె, మళ్ళీ కలెక్టరాఫీసు ముందు కూర్చుంటాం అన్నారు. ఎన్ని రోజులు కూర్చుంటారు? కూర్చోడానికి కూడా ఊపిరి కావాలి. మేడం వ్యానేసుకుని ఉరికొచ్చింది. మొదటిసారి కుర్చీ అడక్కుండా చాప మీద కూర్చుంది. మొగుళ్ళూ పెళ్ళాలూ అందరూ వచ్చారు. సత్తవ్వ కొట్టం గుంజకు ఒరిగి కూర్చుంది.

"ఒక్కరిది పక్కన పెడితే అందరూ నిలబడతారండీ," అంది మేడం.

"నన్ను పక్కన పెడితె నేనేడ ఉండాలమ్మా? బొందల ఉండాల్నా?" అన్నాడు మొండయ్య.

"మీ మీద గౌరవం లేక కాదు. రీడింగు..."

"ఏం రీడింగమ్మా! మమ్ములను పశువుల్లెక్క ఊదిచ్చుకుంటిరి, మీకు పనికొచ్చినోళ్ళను ఉంచుకుంటిరి, రానోళ్ళను ఇడిసిపెడుతుంటిరి. పోశాలూ, మేడంకు సమజయ్యేటట్టు నువ్వు చెప్పరాదు?"

"పోశాలు గారూ, మీరైనా వాళ్ళకు చెప్పండి," అంది మేడం అదే క్షణంలో.

రెండు పక్కలా పోశాలు వైపే చూస్తున్నారు. అతను మెడలోని కార్డు తీసి చాప మీద పెట్టాడు.

"మొండన్న దినాలు సరిగ్గనే ఉన్నయి. మిషిను గూడ సరిగ్గనే ఉన్నది," అన్నాడు. "నేనే సరిగ్గ లేను."

ఆ తర్వాత ఆపలేదు. కార్డు సంగతి, ఓదెలు సంగతి, పద్నాలుగు నెలలు, బస్టాండు బల్ల, కాలకుండా మిగిలిన ముద్ద. సంఘం పని అని చెప్పింది సగమే నిజమని కూడా చెప్పాడు. చెబుతున్నంతసేపూ గుంజ వైపు చూడలేదు.

కొట్టంలో దగ్గు కూడా వినపడలేదు.

"ఓదెలు రెండు మూడు దినాలు బదులు పోయిండనుకున్నరా నేను," అన్నాడు మొండయ్య చివరికి. "పద్నాలుగు నెలలా? ఆ పోరని ఊపిరి తిని బతికినవారా నువ్వు?"

జవాబు మేడం ఇచ్చింది, ఎవరూ అడగని దానికి. "ఆ ఖాళీ నాకు కనపడింది," అంది. "ఆయన ఊపిరి నాతో నిజమే చెప్పింది. కార్డు వేరేగా ఉందని నేనే సాగదీసి మూసేశాను. ఆయనొక్కరి తప్పు కాదు."

వ్యానులోంచి మిషినును కొట్టంలోకి తెచ్చారు. మేడం పోశాలు పాత గీతను, ఖాళీతో సహా, ఉన్నదున్నట్టు మళ్ళీ ఎక్కించింది. కార్డులోంచి పద్నాలుగు నెలలు తీసేసింది. ఎవరూ మళ్ళీ ఊదనక్కర లేకపోయింది. దాచుకున్న ఊపిరులన్నిటినీ కొత్త కొలబద్దతో కొలుస్తూ మిషిను ఒక్కో కాగితమే కక్కింది. పేరు చదవమని మేడం వాటిని పోశాలు చేతికే ఇచ్చింది. శిక్షించడానికి కాదు. ఆమెకు ఊళ్ళో పేర్లు నోరు తిరగవు.

మొండయ్య, మూడు వేల రెండు వందల పదమూడు. ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడు.

చదువుతూ పోయాడు. వెయ్యి దాటిన ప్రతిసారీ ఎవరో నిట్టూర్చారు. దాటనప్పుడు నిట్టూర్పు లేదు. ముప్పై ఎనిమిది మంది దాటారు. పదకొండు మంది దాటలేదు.

"గద్దె సత్తవ్వ," అని చదివి ఆగాడు.

"చదువు," అంది గుంజ దగ్గర్నుంచి సత్తవ్వ. "నాకు గూడ ఇనపడాలె."

"తొమ్మిది వందల నలభై ఆరు."

*

విచారణలో మిల్లు వకీలు మూడు గంటలు అడిగాడు. కరెంటు కాగితం పెట్టాడు, సరిపోయింది. కొలబద్ద మనిషిని నిలబెట్టి కార్డు దొంగది కాదా అన్నాడు. అవునండీ, పద్నాలుగు నెలలు దొంగది, ఆ మాట నా ఊపిరే చెప్పింది చూడండి, అన్నాడు పోశాలు. అధికారి గీత కాగితాన్ని వెలుతురుకు పెట్టి ఆ వేలెడు ఖాళీని చాలాసేపు చూశాడు. అదే మిషినును నిలబెట్టింది. ముప్పై ఎనిమిది మందికి రుజువైంది.

సంఘంవాళ్ళూ యూనివర్సిటీవాళ్ళూ కలిసి ఫొటో దిగారు. పక్క జిల్లాలో ఇంకో రెండు మిల్లుల ఊళ్ళకు మిషిను తీసుకుపోవాలని ఇద్దరూ కలిసి నిర్ణయించారు. మొండయ్య ఇప్పుడు మేడంను 'బిడ్డా' అంటాడు. మధ్యలో చెప్పే మనిషితో ఇక పనిలేదు. తప్పుడు సమాచారమిచ్చినందుకు యూనివర్సిటీ పోశాలును తీసేసింది. సంఘం బోర్డు మీద అతని పేరున్నచోట ఎవరో సున్నం పూశారు.

దాటని పదకొండు మందిలో ఒకామె చేదబావి కాడ అతణ్ణి ఆపింది. "నీ పెండ్లాం గూడ పాయె గాబట్టి ఇడిసిపెట్టినం. లేకుంటే చెప్పుతోటి కొడుతుంటిమి," అంది. ఆ ఊళ్ళో ఆ వారమంతా అతనితో మాట్లాడిన మనిషి ఆమె ఒక్కతే.

మేడం ఒకసారి ఫోను చేసింది. పేపరు వెనక్కి తీసుకుందట. కారణాల్లో మొదటిది తన సాగదీతేనని రాసిందట. గది తాళం ఇంకొకరికి ఇచ్చారట. మిషినుతోపాటు ఊళ్ళు తిరిగే పని మాత్రం ఉంచారట.

"మీ గీత ఇంటికి తెచ్చుకున్నాను పోశాలు గారూ," అంది. "దాచిపెట్టాను."

"అందుల ఖాళీ నాది కాదు మేడం. ఓదెలుది."

"తెలుసు," అంది. ఫోను పెట్టేసింది.

సత్తవ్వ మాత్రం నెలరోజులు ఆ మాటే ఎత్తలేదు. వండింది, పెట్టింది, కూర్చుని నిద్రపోయింది. తిడితే బాగుండునని పోశాలు ఎదురుచూశాడు.

ఒక పొద్దున బియ్యం ఏరుతూ, తలెత్తకుండా అడిగింది.

"ఆ పద్నాలుగు నెలలు నేను దినాం సద్ది కట్టిస్తుంటి గదా. ఎవలు తిన్నరు?"

"ఓదెలు. కార్డుతోపాటు గిన్నె గూడ ఇస్తుంటి."

"దినాం?"

"దినాం. ఆనికి వండేటోళ్ళు లేకుండిరి గద."

ఆమె నాలుగు రాళ్ళు ఏరి పక్కన పడేసింది. ఒక్కో మాటకూ ఊపిరి కూడబలుక్కుంటోంది.

"పప్పుల ఉప్పు మరిశిన్నాడు గూడ మంచిగున్నదంటివి నువ్వు."

"నాకేం ఎరుక, నేను తినకపోతి."

"ఆడేమన్నడు?"

"ఏమనకపోయేది. తిని, గిన్నె కడిగి ఇచ్చేటోడు."

సత్తవ్వ చేతులు చాటలో ఆగిపోయాయి.

"అవు," అంది. "అప్పట్ల గిన్నె కడిగి వచ్చేది. నువ్వు పెండ్లయినకాంచి ఒక్కనాడు కడగలే. పద్నాలుగు నెలలు తళతళ కడిగి వచ్చింది."

మళ్ళీ ఏరడం మొదలుపెట్టింది. చాలాసేపటికి అంది:

"నువ్వే మారినవనుకున్న."